నాన్నగారి హెచ్ఎంటీ, మీ ఈఎంఐ

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ. నాకు 33 ఏళ్లు. కాగితం మిల్లులో ఉద్యోగం, అన్నీ పోను చేతికి 34,000 వస్తుంది. భార్య, రెండో తరగతి చదివే పాప, 71 ఏళ్ల నాన్నగారు నాతో ఉంటారు. ఖర్చులు 27,500 దాకా అవుతాయి. మిగతా ఆరు వేల చిల్లర ఎటు పోతుందో తెలియడం లేదు. బ్యాంకులో 38,000 ఉన్నాయి. 32,000 రూపాయల స్మార్ట్ వాచీ ఒకటి వడ్డీ లేని ఈఎంఐలో నెలకు 2,667 చొప్పున ఏడాదికి ఇస్తున్నారు. నడక, నిద్ర, గుండె వేగం అన్నీ చూపిస్తుంది. నాన్నగారికి బీపీ ఉంది, పోయిన నెల స్నానం చేసి వస్తూ కళ్లు తిరిగి కూలబడ్డారు. అందుకని ఆయనకూ 2,500లో చిన్నది కొందామని ఉంది. ఆయన మాత్రం 1980లో పెళ్లికి మా అమ్మగారి నాన్న పెట్టిన హెచ్ఎంటీ వాచీ ఆగిపోయింది, అది బాగుచేయిస్తే చాలంటున్నారు. నా స్నేహితుడేమో స్మార్ట్ వాచీ దండగ, అదే డబ్బుతో మంచి విదేశీ వాచీ కొంటే ఆస్తిలా పడి ఉంటుందంటున్నాడు. ఏం చేయమంటారు? – ఒక పాఠకుడు

జవాబు: మీ ఉత్తరమంతా వాచీల గురించే ఉంది. నాన్నగారు కూలబడిన సంగతి అందులో ఒక్క వాక్యం. నేను ఆ వాక్యం దగ్గరే మొదలుపెడతాను.

ముందు ఆయన్ని డాక్టరుకు చూపించండి. బీపీ మాత్రలు వాడే పెద్దవాళ్లలో లేచి నిలబడగానే రక్తపోటు పడిపోయి కళ్లు తిరగడం తరచుగా జరిగేదే. మాత్ర మోతాదు తగ్గించాలో, వేరే కారణం ఏదైనా ఉందో డాక్టరే తేల్చాలి. 2,500 రూపాయల వాచీ ఆ పని చేయలేదు. దాని అడుగున ఆకుపచ్చ దీపం వెలుగుతుంది. ఆ వెలుతురు చర్మం కింది రక్తంలో ఎంత ఇంకిందో, ఎంత వెనక్కి వచ్చిందో చూసి గుండె వేగాన్ని లెక్కకడుతుంది. కదలకుండా కూర్చుంటే ఆ లెక్క చాలావరకు సరిపోతుంది. పట్టీ వదులైనా, చెయ్యి ఊగుతున్నా, చలికి చర్మం బిగుసుకున్నా తప్పుతుంది. ఇక రక్తపోటు మాటకొస్తే, శామ్‌సంగ్ తన ఖరీదైన వాచీలలో పెట్టిన సదుపాయానికే నాలుగు వారాలకోసారి చేతికి పట్టీ కట్టే మామూలు బీపీ యంత్రంతో సరిచూడాలని చెబుతోంది. అలాంటప్పుడు రెండు వేల చిల్లర వాచీ తెరమీద కనిపించే బీపీ అంకెను నమ్మి మాత్ర వేయడం, మానడం ప్రమాదం. చక్కెర సంగతీ అంతే. సూది గుచ్చకుండానే రక్తంలో చక్కెర కొలుస్తామనే వాచీలను, ఉంగరాలను నమ్మవద్దని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2024 ఫిబ్రవరిలో ప్రజలను హెచ్చరించింది.

ఇంకో చిన్న ప్రశ్న. నాన్నగారి దగ్గర ఉన్నది ఏ ఫోను? బటన్ల ఫోనైతే ఆ వాచీ ఆయనకు గంట చూపడం తప్ప పెద్దగా పనికిరాదు. స్మార్ట్ వాచీ ఫోనుకు తోక. ఫోను లేకపోతే దాని ప్రాణం సగం పోయినట్టే. మీ విషయంలోనూ ఇది చూసుకోండి. ఆపిల్ వాచీ ఐఫోనుతోనే పనిచేస్తుంది, శామ్‌సంగ్ కొత్త వాచీలు ఆండ్రాయిడ్ ఫోన్లతోనే పనిచేస్తాయి. వాచీ కొన్నాక దానికి తగిన ఫోను కొనాల్సి వచ్చినవాళ్లను చూశాను. అప్పుడు 32,000తో మొదలైన ఖర్చు 60,000 దాటుతుంది.

ఇంత చెప్పానని స్మార్ట్ వాచీ పనికిరాని వస్తువని నేననడం లేదు. నా చేతికీ మూడున్నరేళ్లు ఒకటి ఉండేది. దానివల్ల నాకు మేలే జరిగింది. గంటకోసారి మణికట్టు మీద తట్టి లేవమనేది. లేచి నాలుగడుగులు వేసేవాణ్ని. స్కూటరు మీద వెళ్తూ జేబులో ఫోను మోగితే ఎవరో చూడటానికి బండి ఆపాల్సిన పనిలేదు. ఖరీదైన వాటిలో కొన్ని గుండె లయ తప్పుతుంటే గుర్తించి చెబుతాయి, వేలు ఆనించి ఉంచితే ఈసీజీ కూడా తీస్తాయి. లయ తప్పడాన్ని ముందే పట్టుకుంటే పక్షవాతం ముప్పును తగ్గించే వైద్యం మొదలుపెట్టవచ్చు. అది చిన్న సంగతి కాదు. కానీ గుండెపోటును ఆ వాచీ కనిపెట్టలేదు, ఆపిల్ సంస్థే ఆ మాట స్పష్టంగా చెబుతుంది. మనిషి పడిపోతే తెలుసుకుని ఇంటివాళ్లకు కబురు పంపేవీ ఉన్నాయి. అయితే ఆ కబురు వెళ్లాలంటే సిగ్నల్ కావాలి. మునిగుడ, బిస్సంకటక్ వైపు కొండదారుల్లో ఫోను ఎన్నిసార్లు మూగబోతుందో మీకు నేను చెప్పాలా!

నా వాచీ కథ ఎలా ముగిసిందో కూడా చెప్పాలి, ఎందుకంటే అసలు ఖర్చు అక్కడే ఉంది. మొదట్లో రెండు రోజులు నిలిచే చార్జి మూడో ఏడాదికి సాయంత్రం దాకా కూడా రాలేదు. అది తయారీలో లోపం కాదు. లిథియం బ్యాటరీ వాడేకొద్దీ అరుగుతుంది, అందులోనూ వాచీ బ్యాటరీ చాలా చిన్నది, దానికి దాదాపు రోజూ చార్జి పెట్టాలి. తర్వాత ఒకనాడు తెర నల్లబడింది. విశాఖ రైలెక్కి సర్వీసు కేంద్రానికి వెళ్తే ఆ మోడలుకు తెరలు రావడం ఆగిపోయిందన్నారు. పాతది ఇచ్చి కొత్తది కొంటే 1,500 తగ్గిస్తామన్నారు. ఒక రోజు సెలవు, రైలు చార్జీ, భోజనం అన్నీ పోయి వాచీని సంచిలో వేసుకుని తిరిగొచ్చాను. నగరంలో ఉన్నవాళ్లకు సర్వీసు కేంద్రం ఆటో దూరం. సరిహద్దు ఊళ్లలో ఉండే మనకు అది రైలు దూరం. ఆ దూరాన్ని కూడా వస్తువు ధరలో కలుపుకోవాలి.

అందుకే వాచీ ధరను పెట్టె మీద చూడకండి, ఏడాదికి ఎంత పడుతుందో చూడండి. మీరు చెప్పిన 32,000 వాచీ నాలుగేళ్లు నిలిస్తే ఏడాదికి ఎనిమిది వేలు. 2,500 వాచీ రెండేళ్లు నిలిస్తే ఏడాదికి 1,250. సెల్లుతో నడిచే మామూలు ముళ్ల వాచీ 3,000 పెట్టి కొన్నారనుకుందాం. రెండేళ్లకోసారి 150 పెట్టి సెల్లు, మూడు నాలుగేళ్లకోసారి పట్టీ మార్చుకుంటూ పన్నెండేళ్లు వాడితే ఏడాదికి 400 అటూఇటూ అవుతుంది. అందులో ఉండేది సెకనుకు 32,768 సార్లు కంపించే చిన్న స్ఫటికం. మంచి వాచీ అయితే నెలంతా నడిచినా పదిహేను, ఇరవై సెకన్లకు మించి తేడా రాదు. మిల్లులో షిఫ్టు వేళకు గేటు దాటడానికి ఇంతకన్నా కచ్చితమైన సమయం అక్కర్లేదు.

ఇక 'వడ్డీ లేని' ఈఎంఐ. ఈ మాట దగ్గర నాకు నిజంగా కోపం వస్తుంది. సున్నా వడ్డీ అన్నదే లేదని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు తేల్చి చెప్పింది. ఇప్పుడు జరిగేది ఏమిటంటే, బ్యాంకు తన వడ్డీ తాను తీసుకుంటుంది, అంత మొత్తాన్ని అమ్మేవాడు ధరలో తగ్గించి చూపుతాడు. క్రెడిట్ కార్డు మీద ఏడాదికి 16 శాతం వడ్డీ వేసుకుంటే మీ 32,000లో దాదాపు 29,400 అసలు, 2,600 వడ్డీ. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మీరే కట్టాలి, అంటే 470. ప్రాసెసింగ్ ఫీజు 199 అయితే దాని మీద జీఎస్టీతో కలిపి 235. ఉన్నపళంగా 700 పైమాట మీ చేతి నుంచి పోయింది. ఒకే సారి చెల్లిస్తే ఆ 2,600 తగ్గింపు మీకే ఇస్తారేమో దుకాణంలో అడిగి చూడండి. ఒక్క నెల కార్డు బిల్లు పూర్తిగా కట్టలేకపోతే మాత్రం నెలకు మూడు, మూడున్నర శాతం దాకా వడ్డీ పడుతుంది. నెలాఖరుకు చేతిలో ఏమీ మిగలని ఇంటికి ఆ గొయ్యి చాలా దగ్గర.

మీ అసలు బలహీనత వాచీ కాదు, ఆ 38,000. మీ ఇంటి ఖర్చు 27,500 అంటే ఆ డబ్బు నెలన్నరకు కూడా చాలదు. నాన్నగారిని ఒక రాత్రి ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే ఏమవుతుందో మీరే ఊహించుకోండి. కనీసం మూడు నెలల ఖర్చు, అంటే 82,500 చేతికందేలా ఉండాలి. వాచీ ఈఎంఐగా కట్టగలమనుకున్న 2,667నే జీతం పడిన మర్నాడు రికరింగ్ డిపాజిట్‌కు వెళ్లేలా పెట్టండి. ఏడాదికి అసలు 32,000, ఆరు శాతం లెక్కన మరో వెయ్యి వడ్డీ. మీ దగ్గరున్న దానితో కలిపితే 71,000. ఇంకో అయిదు నెలలు కడితే లక్ష్యం దాటుతుంది. ఆ తర్వాత కూడా స్మార్ట్ వాచీ మీద మనసుంటే అదే డిపాజిట్ కొనసాగించి, సొంత డబ్బుతో కొనుక్కోండి, నేను అడ్డు చెప్పను. అప్పటికి ఈ మోడలు ధర తగ్గే ఉంటుంది. ఈలోపు నడక లెక్క కావాలంటే మీ ఫోనే అడుగులు లెక్కపెడుతుంది. సాయంత్రం మజ్జిగౌరమ్మ గుడి దాకా పాపతో నడిచి వెళ్లి రండి. పదివేల అడుగులు నిండలేదని బెంగ వద్దు. ఆ అంకె 1965లో జపాన్‌లో అడుగులు లెక్కించే ఒక పరికరాన్ని అమ్మడానికి పెట్టిన పేరులోంచి వచ్చింది.

నాన్నగారి కోసం ఇంకో పని ఈ వారంలోనే చేయండి. 70 ఏళ్లు నిండినవారికి ఆదాయంతో పనిలేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు ఇస్తున్నారు. ఏడాదికి 5 లక్షల వరకు ఆసుపత్రిలో చేరి చేయించుకునే వైద్యానికి అది పనికొస్తుంది. 2025 నుంచి ఒడిశాలోనూ అమలులో ఉంది. పథకంలో చేరిన ఆసుపత్రి వేరే రాష్ట్రంలో ఉన్నా చెల్లుతుంది కాబట్టి, పెద్ద జబ్బుకు విశాఖ వెళ్లే మన ప్రాంతం వాళ్లకు ఇది అక్కరకొచ్చే కార్డు. చేరబోయే ఆసుపత్రి జాబితాలో ఉందో లేదో ముందే ఫోను చేసి కనుక్కోండి. బయటి రోగిగా చూపించుకునే ఫీజులకు, రోజువారీ మందులకు ఇది రాదు.

మీ స్నేహితుడి సలహాకు ఎక్కువ చోటివ్వను. కొన్న ధరకన్నా ఎక్కువకు అమ్ముడుపోయే వాచీలు కొన్ని స్విస్ పేర్లలో కొన్ని మోడళ్లే, అవి మీరు, నేను కొనే ధరలో ఉండవు. 32,000 పెట్టి కొన్న వాచీ దుకాణం గడప దాటగానే పాత వాచీ అవుతుంది. వాచీ పెట్టుకోవడానికే, ఆస్తి కోసం కాదు.

హెచ్ఎంటీ దగ్గరికి వస్తాను. 1961లో జపాన్ సిటిజన్ సంస్థ సాయంతో బెంగళూరులో హెచ్ఎంటీ వాచీల తయారీ మొదలైంది. ఒక తరం పెళ్లిళ్లలో అల్లుడి చేతికి మామగారు కట్టిన వాచీ అదే. ఆ వాచీల సంస్థను మూసేయాలని కేంద్రం 2016లో నిర్ణయించింది, కాబట్టి కొత్త విడిభాగాలు రావు. పాత వాచీల నుంచి తీసినవే దొరుకుతాయి. అయినా బాగుపడుతుందనే నా నమ్మకం. మా నాన్నగారిది కూడా ఇలాగే ఆగిపోతే గుణుపురం నుంచి బరంపురం తీసుకెళ్లాను. అక్కడ ఒక పెద్దాయన కంటికి భూతద్దం బిగించుకుని వెనక మూత తిప్పి తీశారు. లోపల కెంపు రాళ్ల చుట్టూ నూనె ఎండి జిగురులా గోధుమ రంగుకు తిరిగింది. "అరగలేదు బాబూ, ఎండిపోయింది, అంతే" అన్నారు. చక్రాలన్నీ విప్పి, కడిగి, సూది మొనతో చుక్క చుక్క నూనె పెట్టి, రబ్బరు బుడ్డితో ఒక్కసారి గాలి ఊదారు. వెంట్రుక లాంటి స్ప్రింగు విప్పారింది, చిన్న చక్రం అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు విని మా నాన్నగారు కుర్చీలోంచి లేచి దగ్గరకొచ్చారు. 600 తీసుకున్నారాయన.

మీరు కూడా రాయగడలో పాత మెకానిక్కు దొరికితే సరే, లేకపోతే పార్వతీపురంలోనో బరంపురంలోనో వెతకండి. నాన్నగారిని వెంట తీసుకెళ్లండి. డయలు మాత్రం మార్చనివ్వకండి, రంగు వేయించకండి. మార్చిన భాగం ఏదైనా ఉంటే పాతది అడిగి తీసుకోండి. రోజుకు అర నిమిషం అటూఇటూ నడిస్తే అది తప్పు కాదు, కీ ఇచ్చే వాచీ స్వభావమే అంత.

ఆయనకు అనుకున్న 2,500తో జబ్బకు పట్టీ కట్టే బీపీ యంత్రం కొనండి. రెండు వేలకు అటూఇటూలో మంచిదే వస్తుంది. ఉదయం మాత్ర వేసుకోకముందు అయిదు నిమిషాలు ఊరికే కూర్చుని, నిమిషం తేడాతో రెండుసార్లు చూసుకోవాలి. వాచీకి కీ ఇచ్చే వేళకే ఇదీ చేసి, గంట ఎంతైందో ఆ హెచ్ఎంటీలోనే చూసి, పక్కన రెండు అంకెలూ నోటుపుస్తకంలో రాయమనండి. డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు ఆ పుస్తకం తీసుకెళ్లండి.