గే అబ్బాయిల్లో కూడా 'మగాడిలా ఉంటేనే' అనే పట్టింపు ఎందుకు? నా గొంతు, నడక మార్చుకోవాలా?

మార్చుకోవద్దు తమ్ముడూ. ఇది ముందు చెప్పేస్తే మిగతాది నిదానంగా చెప్పొచ్చు.

నెల్లూరు అన్నావు, గొంతు సన్నం, మాట్లాడేటప్పుడు చేతులు తిప్పుతా, డేటింగ్ యాప్‌లో ఎవర్ని పలకరించినా 'ఆడంగి వాళ్ళు వద్దు' అని బ్లాక్ చేస్తున్నారు అని రాశావు. నాది చీమకుర్తి, గ్రానైట్ ఫ్యాక్టరీలో పని, నలభై దాటినాయి. మీసం ఉంది, కటింగ్ మిషన్ల మోతలో అరిచి అరిచి గొంతు మోటుగా అయింది, నన్ను చూసి ఎవరూ అనుమానపడరు. ఆ వంకన నన్నెవరూ వద్దన్లేదు. అట్ట కావాలని వెతుక్కుంటా వచ్చినోళ్ళని దగ్గర్నుంచి చూశాను కాబట్టి చెప్తున్నా, వాళ్ళకి కావాల్సింది మగతనం కాదు, పక్కన నిలబడితే ఎవరికీ డౌట్ రాని మనిషి. అంతకు మించి ఏం లేదు దాంట్లో.

కరోనా అయిపోయినాక ఒకాయన పరిచయమయ్యాడు, ఒంగోలు. ప్రొఫైల్‌లో మొహం లేదు, మెడ కింద నుంచి ఛాతీ ఒకటే ఫొటో, కింద 'ఓన్లీ మ్యాన్లీ, డిస్క్రీట్' అని, అంటే మగాడిలా ఉండాలి, గుట్టుగా ఉండాలి అని. మొదటి మెసేజ్ హాయ్, రెండోది టాపా బాటమా, అంటే పడకలో నీది ఏ పాత్ర అని, మూడోది 'మనోళ్ళేనా' అని. పేరు ఇంకా అడగలేదు చూడు. ఈ కులం సంగతి మీద విడిగా ఒక జవాబు రాయాలి నేను, ఇంట్లో చెప్పుకోలేని సంబంధానికి కూడా కులం కావాల్సొచ్చిందంటే మనం ఏమైపోతున్నాం అసలు. సరే, ఆదివారం సాయంత్రం కొత్తపట్నం బీచ్ కాడ కలుద్దాం అన్నాడు. బుల్లెట్ మీద వచ్చాడు, మనిషి బాగున్నాడు, మర్యాదగానే మాట్లాడాడు. మిరపకాయ బజ్జీలు చెప్పుకోని ఇసకలో కూర్చున్నాం. కూర్చున్న కాసేపటికే మొదలుపెట్టాడు, 'ఆ నడుం తిప్పుకుంటా తిరిగే వాళ్ళ వల్లే మన పరువు పోతా ఉంది, వాళ్ళు లేకపోతే జనం మనల్ని ఏమీ అనరు' అని. సినిమాల్లో కామెడీ ట్రాకులకి వాడుకునే ఆ ఒక్క రకం మనిషిని చూపించే మనందర్నీ నవ్వులపాలు చేస్తారు నిజమే, కానీ ఆ కోపం తీసినోళ్ళ మీద పోవాలి గానీ అట్ట పుట్టినోడి మీద పోతే ఎట్టా?

ఈలోపు వెనక నుంచి 'అన్నా!' అని కేక. మా అక్క. అక్క అంటే చొక్కా ప్యాంటే, కళ్ళకి కాటుక, భుజాన సంచి, ఎయిడ్స్ నివారణ ప్రాజెక్టులో ఫీల్డ్ పని చేసేవాడు, మేమందరం అక్కా అనే పిలుస్తాం. వచ్చి నా చెయ్యి పట్టుకోని 'బాగుండావా అన్నా, ఒళ్ళు తగ్గినావే' అంటా ఉంటే పక్కన మనోడు గమ్మున లేచి హెల్మెట్ పెట్టుకున్నాడు. సముద్రం ఒడ్డున, ఇసకలో నిలబడి హెల్మెట్! మొహం కనపడకూడదని. అంతలో బండి కాడ ఇద్దరు పిలకాయలు అక్కని చూసి 'పాయింట్ ఫైవ్' అని పకపకా నవ్వారు. అక్క వాళ్ళ దగ్గరికే పోయి, అరవకుండా, 'నాకు పేరుంది అబ్బయ్యా, కావాలంటే చెప్తా, ఆ పేరుతో పిలువు' అన్నాడు. వాళ్ళు తల దించుకున్నారు. బజ్జీలేసే పెద్దాయన కూడా వాళ్ళని కసిరాడు. నేను తిరిగి చూసేసరికి బుల్లెట్ రోడ్డెక్కింది. ఆ పూట ఆడ భయపడకుండా నిలబడింది ఎవరు, పారిపోయింది ఎవరు? నాకైతే మగతనం గురించి ఇంకో క్లాసు అక్కర్లేదు.

నాకు అక్క ఎట్ట తెలుసంటే, చాలా ఏళ్ళ కింద జ్వరం తగ్గక, రాత్రిళ్ళు నిద్ర లేక, నాకు హెచ్ఐవీ వచ్చిందేమో అని చచ్చేంత భయపడ్డాను. గవర్నమెంట్ ఆసుపత్రిలో ఐసీటీసీ, అంటే హెచ్ఐవీ టెస్ట్ చేసి సలహా చెప్పే రూముకి నన్ను తీసుకుపోయి రిజల్ట్ వచ్చిందాకా కూర్చుంది అక్కే. ఆ ప్రాజెక్టు ఫారాల్లో కోథీ (ఆడతనం ఉన్నోడు), పంతీ (మగాడిలా ఉండేవాడు), డబుల్ డెక్కర్ (రెండు పాత్రలూ ఉన్నోడు) అని రకాలుంటాయి, నన్ను ఏ గడిలో రాయాలో అడిగి, నేను నీళ్ళు నములుతుంటే 'నీకు ఏది తోస్తే అదే రాస్తాలే' అన్నాడు. 2000ల్లో మన కోస్తా జిల్లాల్లో హెచ్ఐవీ బాగా ఎక్కువగా ఉన్నప్పుడు రాత్రిపూట బస్టాండ్లు, పార్కుల వెంట కండోమ్‌లు పట్టుకోని తిరిగిందంతా ఇట్టాంటోళ్ళే. అప్పటికి మగాళ్ళ మధ్య సంబంధాన్ని నేరం చేసిన 377 సెక్షన్ బతికే ఉంది, 2009లో ఢిల్లీ హైకోర్టు కొట్టేస్తే 2013 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు మళ్ళీ లేపింది, సంచిలో కండోమ్‌లు దొరికితే చాలు పోలీసోళ్ళు లాక్కెళ్ళేవాళ్ళు. దాక్కోవడం చేతనైన మాబోటి మీసాలోళ్ళు ఇళ్ళల్లో ఉన్నారు, పెళ్ళిళ్ళు కూడా చేసుకున్నారు. దాక్కోలేని వాళ్ళు దెబ్బలు తిన్నారు. 2018 సెప్టెంబర్ 6న అది నేరం కాదని సుప్రీంకోర్టు తీర్పొచ్చాక ఆ మీసాలోళ్ళే యాప్‌లో వచ్చి 'ఆడంగి వాళ్ళు మెసేజ్ చేయొద్దు' అని రాస్తే నా కడుపు మండిపోతుంది.

ఇది మన దగ్గరే కాదు. అమెరికాలో 1970ల్లో శాన్‌ఫ్రాన్సిస్కో క్యాస్ట్రో వీధిలో అందరూ ఒకటే రకం మీసం, బిగుతు జీన్స్, గళ్ళ చొక్కా వేసేవాళ్ళు, 'క్లోన్', అంటే ఒకే అచ్చులో పోసినోడు అనే పేరే పడింది. గే అంటే ఆడంగి అన్న మాటకి జవాబుగా మొదలైంది అది, పోను పోను అట్ట లేనోడు లెక్కలోకి రాకుండా పోయాడు. తర్వాత 1980ల్లో లావుగా, ఒంటి నిండా బొచ్చున్న వాళ్ళు మాకూ చోటు కావాలని 'బేర్', అంటే ఎలుగుబంటి అని పేరు పెట్టుకున్నారు, మంచిదే, ఇప్పుడు దాంట్లోనూ సరైన బేర్ ఎవరు అని కొలతలు. యాప్‌లో ట్విన్క్ (సన్నటి కుర్రాడు), జాక్ (ఆటలాడే కండలోడు), డాడీ (వయసులో పెద్దోడు) అని వరసగా పెట్టి ఒకటి నొక్కమంటారు. నేను ఖాళీగా వదిలేశాను. టాపా బాటమా అంటే 'ముందు కలిసి టీ తాగుదాం' అంటా. సగం మంది పోతారు, పోనీ. మిగిలిన సగంలోనే నాకు ఇప్పుడున్న మనిషి దొరికాడు, చేపల పులుసు నాకన్నా బాగా చేస్తాడు, సీరియల్ చూసి ఏడుస్తాడు, ఇంట్లో గ్యాస్ బండ ఎత్తేది కూడా ఆయనే. ఆయన్ని ఏ గడిలో రాస్తారో రాసుకోమను.

నువ్వు గొంతు బరువు చేసుకోని వాయిస్ నోట్లు పంపుతున్నా అన్నావే, అది మానెయ్. ఎన్నాళ్ళు పంపుతావు అట్ట? ఇంకోటి, నువ్వు అడగలేదు గానీ చెప్తా, ఇప్పటిదాకా టెస్ట్ చేయించుకోకపోతే పెద్దాసుపత్రికి పోయి ఐసీటీసీ ఎక్కడ అని అడుగు, ఫ్రీగా చేస్తారు, నీ ఒప్పుకోలు లేకుండా ఫలితం బయటికి చెప్పకూడదని 2017 చట్టమే ఉంది. పోవాలంటే భయమేస్తే ముందు 1097కి, అంటే హెచ్ఐవీ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చెయ్, డబ్బులు పడవు, నీ మామూలు గొంతుతోనే మాట్లాడు.