వెబ్‌సైట్ కట్టించే ముందు ఏం అడగాలి?

ప్రశ్న: మా చిన్న సంస్థకు వెబ్‌సైట్ తయారుచేసి, తర్వాత కూడా చూసుకునే బృందం కోసం వెతుకుతున్నాం. ఒప్పుకునే ముందు ఏం అడగాలి?

జవాబు: ముందుగా డొమైన్, అంటే సైటు చిరునామాగా వాడే పేరు, ఎవరి పేరు మీద ఉంటుందో అడగండి. ఇది నేను దెబ్బతిని నేర్చుకున్న సంగతి. నా మొదటి సైటుకు డొమైన్ కూడా ఆ బృందమే కొనింది, వాళ్ల ఈమెయిల్‌తోనే. రెండేళ్లకు వాళ్లు పని మానేశారు. రెన్యువల్ గుర్తుచేసే మెయిళ్లన్నీ ఎవరూ తెరవని ఇన్‌బాక్స్‌లోకి పోయాయి. ఒకరోజు పొద్దున్నే సైటు తెరిస్తే మా పేజీ లేదు, ఏవో ప్రకటనలు! గడువు తీరి రద్దయిన డాట్ కామ్ పేరును విడిపించుకోవడానికి 30 రోజుల రిడెంప్షన్ వ్యవధి ఉంటుంది. ఆ బృందంలో ఒకాయన్ని వెతికి పట్టుకుని, అదనపు రుసుము కట్టి బయటపడ్డాం. ఆ రోజులు తలచుకుంటే ఇప్పటికీ గుండె దడే.

కాబట్టి డొమైన్, హోస్టింగ్ (సైటు ఫైళ్లు ఉంచే సర్వర్ సేవ) ఖాతాలు మీ ఈమెయిల్‌తో మీరే తెరవండి. వాళ్లకు పనికి సరిపడా యాక్సెస్ ఇస్తే చాలు. కోడ్ మీ గిట్ రిపాజిటరీలోనే (కోడ్‌ను, దాని మార్పులను భద్రపరిచే చోటు) ఉండాలి.

మెయింటెనెన్స్ విషయంలో "బ్యాకప్ తీస్తారా?" అంటే అందరూ తీస్తామనే అంటారు. "చివరిసారి బ్యాకప్ నుంచి సైటును తిరిగి నిలబెట్టి చూసిందెప్పుడు?" అనడగండి. సైటు వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్‌తో కట్టినదైతే ప్లగిన్ల (దానికి అదనంగా జోడించే చిన్న ప్రోగ్రాముల) అప్‌డేట్లు ఎవరు, ఎన్నాళ్లకోసారి చేస్తారో ఒప్పందంలో రాయించండి. పాతబడిన ప్లగిన్ల లోపాల్లోంచే హ్యాకర్లు ఎక్కువగా దూరుతారు. డిజైన్ నచ్చకపోతే తర్వాతైనా మార్చుకోవచ్చు, దానికి తొందరేం లేదు.