వణుకు వేరు, నీరసం వేరు

ప్రశ్న: నా వయసు 61. ఉపాధ్యాయురాలిగా పదవీ విరమణ చేశాను. 14 ఏళ్లుగా మధుమేహం ఉంది. గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్, వోగ్లిబోజ్ మూడూ కలిసిన మాత్రను ఉదయం, రాత్రి వేసుకుంటున్నాను. కొన్ని నెలలుగా వారానికి ఒకటి రెండుసార్లు, ముఖ్యంగా ఒక్కపొద్దు ఉండే శనివారాల్లో, పదకొండు గంటల వేళ కాఫీ గ్లాసు తొణికేంతగా చేతులు వణుకుతున్నాయి, చెమటలు పోస్తున్నాయి. పంచదార తిన్నా తగ్గడానికి చాలాసేపు పడుతోంది. మామూలు రోజుల్లోనూ మధ్యాహ్నానికి వంటింట్లో నిలబడలేనంత నీరసం. మూడు నెలల చక్కెర సగటు (హెచ్‌బీఏ1సీ) 6.3 వచ్చింది కనుక భయం లేదని, ఇదంతా వయసు ప్రభావమేనని ఇంట్లోవారు అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: వయసు మీద నెట్టేయడానికి నేను ఒప్పుకోను. మీరు వణుకునూ నీరసాన్నీ ఒకే బాధగా రాశారు గానీ, వాటి కారణాలు వేరు కావచ్చు కాబట్టి విడివిడిగా చూద్దాం.

ముందు వణుకు సంగతి. గ్లిమెపిరైడ్ మీరు తిన్నా తినకపోయినా క్లోమం చేత ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తుంది. శనివారం ఉదయం మాత్ర వేసుకుని పొట్ట ఖాళీగా ఉంచితే రక్తంలో చక్కెర పడిపోతుంది. దాన్ని పైకి తేవడానికి శరీరం అడ్రినలిన్‌ను వదలడం వల్లనే వణుకు, చెమట, గుండెదడ వస్తాయి. 6.3 అన్నది సగటు మాత్రమే. భోజనం తర్వాత 220కి ఎక్కి, పదకొండు గంటలకు 60కి దిగినా సగటు అందంగానే కనిపిస్తుంది. మీ వయసుకు, మీరు వాడే మందుకు ఆ 6.3 కాస్త తక్కువేనేమో కూడా మీ వైద్యుణ్ణి అడగండి.

వణుకు మొదలైన క్షణంలోనే గ్లూకోమీటర్‌తో చూసి, తేదీ, వేళ, అంకె రాసి పెట్టుకోండి. 70 కంటే తక్కువ ఉంటే వెంటనే గ్లూకోజ్ తాగాలి. 120, 130 ఉండి కూడా వణికితే, చాలాకాలం ఎక్కువ చక్కెరకు అలవాటుపడిన ఒంట్లో అది గబుక్కున దిగడం వల్ల కావచ్చు, లేదా థైరాయిడ్ లాంటి మరో కారణం ఉండవచ్చు. మీటరు చేతికి అందకపోతే మాత్రం దాని కోసం వెతుకుతూ ఆలస్యం చేయకండి.

పంచదార ఎందుకు పనిచేయడం లేదన్నది మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించిన విషయం. పేగుల్లో పంచదారను గ్లూకోజ్‌గా విడగొట్టే ఎంజైమును వోగ్లిబోజ్ అడ్డుకుంటుంది. ఆ మాత్ర వేసుకునేవారికి పంచదార, బెల్లం, చాక్లెట్ ఆలస్యంగా అక్కరకొస్తాయి. మీరు మందుల షాపులో దొరికే గ్లూకోజ్ పొడినే 15 గ్రాములు, అంటే సుమారు మూడు నాలుగు చెంచాలు, నీళ్లలో కలిపి తాగాలి. 15 నిమిషాలకు మళ్లీ పరీక్షించి, అప్పటికీ 70 దాటకపోతే ఇంకోసారి తాగాలి. వణుకు తగ్గాక ఏదైనా తినాలి. గ్లిమెపిరైడ్ ప్రభావం గంటల తరబడి ఉంటుంది కనుక ఆ రోజు ఒంటరిగా ఉండకండి. మాట తడబడినా, స్పృహ తప్పినా నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలని ఇంట్లోవారికి ముందే చెప్పి ఉంచండి. (రక్తపోటుకు అటెనొలాల్ వంటి మాత్ర వాడేవారికి వణుకు తెలియకుండా చెమట ఒక్కటే పట్టవచ్చు.)

చక్కెర పడిపోయిన రోజున ఒళ్లు అలసిపోవడం సహజమే గానీ, రోజూ మధ్యాహ్నం వచ్చే నీరసానికి అది చాలదు. ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడితే బి12 తగ్గవచ్చు. అరికాళ్లు తిమ్మిరెక్కుతుంటే ఆ అనుమానం మరింత బలపడుతుంది. హిమోగ్లోబిన్, బి12, టీఎస్‌హెచ్ (థైరాయిడ్), క్రియాటినిన్ (మూత్రపిండాలు) పరీక్షలు చేయించుకోండి. చివరిది తప్పనిసరి: మూత్రపిండాల పనితీరు తగ్గితే రక్తహీనత రావడమే కాకుండా, గ్లిమెపిరైడ్ ప్రభావం ఒంట్లో ఎక్కువసేపు నిలిచి పదకొండు గంటల వణుకుకూ దారి తీస్తుంది. అప్పుడు రెండు బాధలకూ కారణం ఒక్కటే అవుతుంది.

శనివారం మాత్రను మీ అంతట మీరు మానకండి, సగం చేయకండి. వచ్చే శనివారం లోపలే వైద్యుణ్ణి కలిసి ఒక్కపొద్దు సంగతి చెప్పండి. మోతాదు మారుస్తారో, మందే మారుస్తారో తేలేవరకు ఉపవాసం ఆపి వేళకు తినండి. పరీక్షల ఫలితాలు వచ్చేలోగా వంటింట్లో ఒక ఎత్తు స్టూలు వేయించుకుని, తరగడం, కలపడం వంటి పనులు కూర్చునే చేసుకోండి. గ్లూకోజ్ పొట్లం ఒకటి అక్కడే చేతికందే అరలో, ఒకటి మీ చేతిసంచిలో ఉంచుకోండి.