పెద్దయ్యాక చదువుకునేవాళ్లు మధ్యలో మానేయకుండా ఉండడంలో టీచర్ ప్రవర్తనకి అంత పాత్ర ఉంటుందా?

ఉంటుంది, చాలా పెద్ద పాత్రే. నలభై ఏళ్లకి ఓపెన్ స్కూల్లో పదో తరగతికి చేరిన మనిషికి లెక్కల కంటే ఎక్కువ టెన్షన్ పెట్టేది "ఈ వయసులో ఇది కూడా రాదా" అనే మాట. చిన్నప్పుడు అలాంటి మాట పడే బడి వదిలేసినవాళ్లు ఎందరో, అదే మళ్లీ వినబడితే ఇక ఆ గడప తొక్కరు.

పని దిగి పావుగంట ఆలస్యంగా వచ్చి, చెప్పులు విప్పి గుమ్మం దగ్గరే తటపటాయిస్తున్న ఆవిడని "రండమ్మా, ఇప్పుడే మొదలుపెట్టాం" అని లోపలికి పిలిచి, తప్పిపోయిన లెక్కని పక్కన కూర్చుని చూపిస్తే ఆవిడ మర్నాడు కూడా వస్తుంది. రెండు రోజులు కనబడకపోతే ఫోన్ చేసి, ఎందుకు రాలేదని నిలదీయకుండా "పాపకి జ్వరం తగ్గిందా" అని అడగాలి. నా దృష్టిలో ఈ ఒక్క ఫోన్ ఎన్ని గైడ్లు ఇచ్చినా రాని ధైర్యం ఇస్తుంది.

గౌరవం అంటే వాళ్ల బతుకుని పాఠంలోకి తేవడం కూడా. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా అక్షరాస్యత ఉద్యమంలో తాగుడు పాడుచేసిన సంసారం గురించి ఒక పాఠం ఉండేది. దూబగుంట ఆడవాళ్లు రాత్రి బడిలో దాన్ని చదివి తమ ఊరి సారా మీదే తిరగబడ్డారు, 1993లో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది.