కొత్త లాన్‌కి యూరియా ఎప్పుడు వేయాలి, మొదటిసారి ఎప్పుడు కోయాలి?

విశాఖ మధురవాడలో ఇంటి ముందు మెక్సికన్ గడ్డి కార్పెట్ పరిపించి మూడు వారాలైందని, గడ్డి పసుపుగా ఉందని, యూరియా వేసి వెంటనే కోయించమని తోటమాలి అంటున్నాడని రాశారు. నా మాట వింటే రెండూ కొంచెం ఆపండి. ముందు వేరు సంగతి చూడండి.

ఒక మూల గడ్డిని గుప్పిట పట్టి మెల్లగా పైకి లాగండి. చాపలా లేచి వచ్చేస్తే వేరు ఇంకా దిగలేదన్నమాట. ఎండాడలో మా లాన్ వేసినప్పుడు నేను ఇలాగే చూసేదాన్ని. అంచు కాస్త ఎత్తితే సన్నటి తెల్లటి వేళ్లు ఎర్రమట్టిని కరుచుకుని కనిపించాయి. ఆ తర్వాతే ఎరువు జోలికి వెళ్లాం.

పసుపు రంగుకి కారణం ఎరువు లేకపోవడమే కానక్కర్లేదు. కింద మట్టి బురదగా ఉండి వాసన వస్తుంటే నీళ్లు ఎక్కువైనట్టే. వేరు పట్టాక రోజూ పదేపదే తడపడం మానేసి, రెండు రోజులకోసారి లోతుగా తడపండి.

యూరియాలో 46 శాతం నత్రజని ఉంటుంది. లేత గడ్డికి ఎక్కువైతే మాడిపోతుంది. మొదటిసారి 100 చదరపు అడుగులకు 50 గ్రాములు చాలు. పొడి ఇసుకలో కలిపి, ఆకులు తడిగా లేనప్పుడు సాయంత్రం పూట సమానంగా చల్లి, వెంటనే నీళ్లు పెట్టండి. నెలయ్యాక రంగు చూసి మళ్లీ వేయొచ్చు. అల్పపీడనం వార్త వస్తే మాత్రం ఆగండి. మన దగ్గర వాలు స్థలాలు ఎక్కువ, గట్టి వాన పడితే వేసిందంతా కాలవ పాలే. పరిచే ముందు మట్టిలో డీఏపీ (నత్రజని, భాస్వరం ఉండే ఎరువు) కలిపి ఉంటే ఇప్పుడు మళ్లీ డీఏపీ అక్కర్లేదు.

కోత విషయానికొస్తే, ఒకేసారి మూడో వంతుకు మించి తీయకూడదు. 3 సెంటీమీటర్లు ఉంచాలనుకుంటే నాలుగున్నర దాకా పెరగనివ్వండి. మట్టి ఆరి ఉండాలి, లేకపోతే గడ్డి కోసే మోవర్ చక్రాలు దిగబడి గుంతలు పడతాయి. బ్లేడు తప్పకుండా సాన పట్టించండి. మొద్దు బ్లేడు ఆకుని కోయదు, చీలుస్తుంది. చివర్లు ఎండిపోయి లాన్ అంతా తెల్లబడినట్టు కనిపిస్తుంది. దాన్ని చూసి చాలామంది మళ్లీ యూరియా వేసేస్తారు, అదే నాకు బాధ.

మెక్సికన్ రకం నెమ్మదిగా పెరుగుతుంది కాబట్టి పక్కింటి గరిక లాన్‌తో పోల్చి కంగారుపడకండి. మధ్యలో తుంగ మొలిస్తే మందు కొట్టకుండా, తడి మట్టిలో గడ్డతో సహా చేత్తోనే తీసేయండి.