ఊటీ ఎక్కడికీ పోదు, జూన్‌లో వెళ్ళండి

తిరుపతి

చిరంజీవి అమ్మణ్ణికి,

మామ ఆశీస్సులు. ఇక్కడ నేనూ మీ అత్తా కులాసా. మొన్న నువ్వు ఫోన్ పెట్టేశాక చాలాసేపు అదే ఆలోచన. ఫోన్‌లో చెబితే "సరే మామా, సరే మామా" అంటావు, పెట్టేశాక మర్చిపోతావు. అందుకే రాసి పంపిస్తున్నా. అల్లుడిగారికి కూడా చదివి వినిపించు.

మే మొదటి వారంలో ఊటీకి పోవాలన్నావు. ట్రావెల్స్ అతను చిత్తూరు నుంచి కారు, మూడు రాత్రులు గది, టిఫిన్లు అన్నీ కలిపి 64 వేలు చెప్పాడన్నావు. పైఖర్చులు కలిపితే 80. చేతిలో 30 ఉంది, మిగిలిన 50కి పర్సనల్ లోన్. ఏడాది కిస్తీలు పెట్టుకుంటే నెలకు సుమారు నాలుగున్నర వేలు. అంటే మళ్ళీ వేసవి వచ్చేదాకా పోయిన వేసవి ఊటీకి కడుతూ ఉంటావు.

వెళ్ళొద్దని నేననను. పెద్దోడికి పదమూడు వచ్చాయి, ఇంకో రెండేళ్ళు పోతే వాడు మీతో రమ్మన్నా రాడు. వెళ్ళండి. కానీ మేలో వద్దు, అప్పు చేసి అసలే వద్దు.

స్టేషన్ దగ్గర లాడ్జీలో నేను 31 ఏళ్ళు మేనేజరుగా చేశానని నీకు తెలుసు. ఆ కౌంటర్ వెనక ఏం జరిగేదో మాత్రం నీకెప్పుడూ చెప్పలేదు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో పిల్లలకు పరీక్షలు. గదులు ఖాళీ. వచ్చినవాళ్ళు బేరమాడితే తగ్గించేవాణ్ణి, ఒక్కోసారి అడగకముందే తగ్గించేవాణ్ణి. పరీక్షలై బడులకు తాళం పడిందా, అదే గది, అదే మంచం, గరగరమనే అదే ఫ్యాను, రేటు మాత్రం రెట్టింపు. ఓనరు వచ్చి పెంచమని చెప్పే పనే ఉండేది కాదు, అందరికీ తెలిసిన సంగతే.

ఒక మే నెల రాత్రి రెండు గంటలకు గోదావరి వైపు నుంచి ఒక కుటుంబం వచ్చింది. ఇద్దరు పిల్లలు బ్యాగుల మీదే నిద్రపోతున్నారు. రేటు చెప్పాను. ఆయన ఏమీ అనకుండా పక్కకు తిరిగి బనియన్ జేబులోంచి నోట్లు తీసి లెక్కపెట్టుకున్నాడు. చాలలేదు. ఆమె కొంగు ముడి విప్పి మూడు నోట్లు ఇచ్చింది. ఆ నోట్లు చెమటకు మెత్తబడి ఉన్నాయి. నేను తీసుకుని డ్రాయర్‌లో వేశాను. తాళంచెవి ఇచ్చాను. తగ్గించలేదమ్మా. వెనక ఇంకో నాలుగు కుటుంబాలు నిలబడి ఉన్నాయి, ఎందుకు తగ్గిస్తాను? ఊటీలో మే నెలలో నీకు గది ఇచ్చే మేనేజరు కూడా నాలాంటివాడే. చెడ్డవాడు కాడు, వాడికి నీ అవసరం లేదు, అంతే.

నాకూ శాస్తి జరిగిందిలే. సీజన్ అంతా నేను కౌంటర్‌లోనే గనక మా పిల్లలు సెలవులంతా దామలచెరువు దగ్గర మీ అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో మామిడితోపుల్లోనే గడిపేవాళ్ళు. ఒకే ఒక్క ఏడాది ఓనరును బతిమాలి నాలుగు రోజులు సెలవు తీసుకుని మేలోనే ఊటీ తీసుకెళ్ళాను. అక్కడి లాడ్జీ వాళ్ళు చూపించిన గది ఒకటి, ఇచ్చింది ఒకటి, వంటింటి పక్కన. వేణ్ణీళ్ళు బకెట్టుకు ఇంత అని విడిగా లెక్క. చలికి వణుకుతూ నేను ఆ బకెట్టు డబ్బుల కోసం వరండాలో అరిచాను. మీ అత్త సిగ్గుతో లోపలికి పోయి తలుపేసుకుంది. పిల్లల్ని ఇప్పటికీ ఊటీ గురించి అడిగి చూడు, కొండలూ పూలూ చెప్పరు, "నాన్న బకెట్టు గొడవ" అంటారు. లాడ్జీ మేనేజరే లాడ్జీలో మోసపోయాడని మీ అమ్మ ఏడాదిపాటు నవ్వింది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తా. ఈ మధ్య ఏళ్ళలో మన ఆంధ్రాలో బడులు జూన్ 12కి తెరుస్తున్నారు. కర్ణాటకలో మే నెలాఖరుకే తెరిచేస్తారు. కేరళలో జూన్ మొదటి రోజుల్లో. తమిళనాడులో కూడా 2025లో జూన్ 2కే తెరిచారు. ఊటీకి వచ్చే జనంలో ఎక్కువమంది ఈ మూడు రాష్ట్రాల వాళ్ళే. వాళ్ళ పిల్లలు బడికి పోయాక మన పిల్లలకు ఇంకా పది రోజులు సెలవులుంటాయి. ఈ పది రోజులు మనకు దేవుడిచ్చినవి. మన వాళ్ళు మాత్రం వాటిని యూనిఫారాలు కుట్టించడానికీ పుస్తకాలకు అట్టలు వేయడానికీ వాడతారు. ఆ పనులు మేలో చేసుకో.

జూన్‌లో వానలు పడవా అంటావు. పడతాయి. గొడుగులు, స్వెటర్లు పెట్టుకో. మంచు పట్టి ఒకటీ అరా వ్యూపాయింట్ కనబడకపోవచ్చు. మేలో అయితే వ్యూపాయింట్ కనబడుతుంది గానీ అక్కడికి పోయే దారిలో ముందున్న కారు వెనక భాగం ఇంకా బాగా కనబడుతుంది. ఏది నయమో నువ్వే చూసుకో.

కారు మానేయండి. కారు తీసుకుపోతే ఈ-పాస్ కావాలి. మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2024 మే 7 నుంచి ఊటీకీ కొడైకెనాల్‌కీ పెట్టారు. 2025 వేసవిలో అయితే ఊటీకి మామూలు రోజుల్లో 6000, శని ఆదివారాల్లో 8000 బండ్లు మాత్రమే అని హద్దు పెట్టారు. ఆ పాస్ ఉచితం. ట్రావెల్స్ అతను నీ లెక్కలో దానికి 500 వేశాడన్నావే, అది తీసేయమను. ఏ బస్సులోనో రైల్లోనో పోయేవాళ్ళకు ఆ పాసే అక్కర్లేదు.

రైలు సంగతి ఇది చక్కగా విను. లాడ్జీ రేటు మేలో పెరుగుతుంది, కారు రేటు పెరుగుతుంది, విమానం గురించి చెప్పనే అక్కర్లేదు. మామూలు ఎక్స్‌ప్రెస్ రైలు టికెట్ మాత్రం ఆగస్టులో ఎంతో సెలవుల్లోనూ అంతే. అక్కడ డబ్బు కాదు, ముందుచూపు కావాలి. ఇంతకుముందు 120 రోజుల ముందు బుకింగ్ ఉండేది, 2024 నవంబరు 1 నుంచి 60 రోజులకు తగ్గించారు. మీకు కాట్పాడి దగ్గర. మద్రాసు నుంచి ఊటీ కొండ కింద ఉన్న మేట్టుపాళయం పోయే నీలగిరి ఎక్స్‌ప్రెస్ రాత్రి కాట్పాడి మీదుగానే పోతుంది. స్లీపర్‌లో మనిషికి 400 మించదు. జూన్ 1 సోమవారం రాత్రి ఎక్కితే మంగళవారం తెల్లారేసరికి కొండ కింద ఉంటారు. దానికి ఏప్రిల్ 2 పొద్దున 8 గంటలకు బుకింగ్ తెరుస్తారు. ఎనిమిదీ పదికి చూద్దాంలే అనుకోవద్దు. అల్లుడిగారి ఐఆర్‌సీటీసీ ఖాతాకు ఆధార్ జోడించి ఉందో లేదో ఇవాళే చూడమను. 2025 అక్టోబరు నుంచి బుకింగ్ తెరవగానే మొదట ఆధార్ ఉన్న ఖాతాలకే టికెట్లు ఇస్తున్నారు. తత్కాల్‌ను నమ్ముకుని పిల్లలతో ప్రయాణం పెట్టుకోవద్దు, ఆ టెన్షన్ మనకొద్దు.

పాపకు ఎనిమిదేళ్ళు గదా. అయిదు నిండి పన్నెండు లోపు పిల్లలకు బెర్త్ వద్దంటే సగం టికెట్, బెర్త్ కావాలంటే పూర్తి టికెట్. రాత్రి ప్రయాణం, పూర్తిదే తీసుకో. ఇట్లాంటి చోట రెండు వందలు మిగిల్చి రాత్రంతా నువ్వు ముడుచుకుని పడుకోవడం పొదుపు కాదు. పొద్దున్నే మేట్టుపాళయంలో బొమ్మ రైలు దొరికితే ఎక్కండి. 46 కిలోమీటర్లు, 208 మలుపులు, 16 సొరంగాలు, దాదాపు అయిదు గంటలు పాక్కుంటూ పైకెక్కుతుంది. యునెస్కో వాళ్ళు 2005లో దాన్ని ప్రపంచ వారసత్వంలో చేర్చారు. సీట్లు తక్కువ, ఇట్టే అయిపోతాయి. దొరక్కపోతే దిగులు పడొద్దు, బస్సులో పైకి పోయి ఇంకోరోజు కూనూరు నుంచి ఊటీకి మధ్య నడిచే చిన్న ముక్క ఎక్కండి. పిల్లలకు అదీ రైలే.

ఇక గది. ఇది నా సబ్జెక్టు, కొంచెం ఎక్కువే రాస్తా. మన తిరుపతిలో చాలా లాడ్జీల్లో నువ్వు దిగిన గంట నుంచి 24 గంటలు లెక్క. కొండ ఊళ్ళల్లో అట్లా ఉండదు. మధ్యాహ్నం పన్నెండు, ఒంటిగంటకు గది ఇస్తారు, పొద్దున పదకొండుకు ఖాళీ చేయమంటారు. పొద్దున ఏడింటికే పిల్లలతో పోయి నిలబడితే సగం రోజు అద్దె అదనంగా గుంజుతారు. అందుకే బొమ్మ రైలు మంచిది, మధ్యాహ్నానికి గానీ చేర్చదు! ఫోన్‌లో యాప్ చూసి లాడ్జీ ఎంచుకో, కానీ బుక్ చేసే ముందు నేరుగా లాడ్జీకి ఫోన్ చెయ్యి. యాప్ వాళ్ళకు ఇచ్చే కమీషన్ మిగులుతుంది గనక మేనేజరు ఎంతో కొంత దిగుతాడు. ఎంతకి అని ఒక్క మాట అడిగి వదిలేయొద్దు. పిల్లలకు ఏ వయసు దాకా విడిగా వసూలు లేదు, అదనపు పరుపుకు ఎంత, వేణ్ణీళ్ళు ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకా, రాకపోతే అడ్వాన్స్ వెనక్కి ఇస్తారా, చెప్పిన రేటులో జీఎస్టీ ఉందా, ఇవన్నీ అడిగి వాట్సాప్‌లో రాసి పంపమను. 7500 లోపు గదులకు జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి అయిదు శాతమే, ఎవరైనా పాత పన్నెండు వేస్తే నిలదీయి. ఇంకో మాట. దిగగానే "మంచి లాడ్జీ చూపిస్తా" అని వచ్చే ఆటో అతని వెంట పోవద్దు. మా లాడ్జీకి మనుషుల్ని తెచ్చిన ప్రతి ఆటోకూ నేను డబ్బులిచ్చేవాణ్ణి. ఆ డబ్బు నేనెక్కడ వేసేవాణ్ణో నీకు ఈపాటికి అర్థమై ఉంటుంది.

తిండికి మరీ లెక్క చూడొద్దు, కానీ మొదటి రాత్రికి పులిహోర, రెండో రోజుకు చపాతీలు కట్టుకో. నీలగిరి జిల్లాలో ప్లాస్టిక్ నీళ్ళ బాటిళ్ళు నిషేధం, మనిషికో స్టీలు బాటిల్ పట్టుకుపో. పిల్లలిద్దరికీ మొదటి రోజే తలా 300 చేతిలో పెట్టి, బొమ్మలకూ చాక్లెట్లకూ ఇదే అని చెప్పు. పెద్దోడు మూడు రోజులూ ఆ డబ్బు ఖర్చుపెట్టకుండా లెక్కపెట్టుకుంటాడు చూడు, అచ్చం మీ అమ్మే వాడు.

శుక్రవారం మధ్యాహ్నం కొండ దిగి రాత్రి రైలెక్కితే శనివారం తెల్లవారుజామున కాట్పాడి. శని ఆదివారాల జనం పైకెక్కుతుంటే మీరు దిగుతుంటారు. ఇదంతా కలిపి నా లెక్కలో 35 వేలు దాటదు. నీ దగ్గర 30 ఉంది. మిగతా అయిదు ఈ రెండు నెలల్లో చేర్చు. జూన్ ఫీజుల నెల, అది మాత్రం మర్చిపోవద్దు. బడి ఫీజు డబ్బు ముందే తీసి అల్లుడిగారి ఖాతాలో పక్కన పెట్టించు, ఊటీలో ఏటీఎం చూసినప్పుడు అది గుర్తుకు రాకూడదు.

మే నెలంతా పిల్లలు ఏం చేయాలి అంటావు. ఇక్కడికి పంపించు. గంగమ్మ జాతర అప్పుడే గదా. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం, రోజుకొకటి. పెద్దోడికి బొగ్గుపొడి పూసి నేనే తీసుకెళ్తా. నువ్వూ పాపా ఆధార్ చూపిస్తే చిత్తూరు నుంచి ఎక్స్‌ప్రెస్ బస్సులో టికెట్టే లేదు, 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకు ఉచితం చేశారు గదా. ఒక్కటే షరతు, ముందు ఫోన్ చేసి రండి. తిరుపతిలో కాపురం ఉన్నవాళ్ళకు వేసవి ఖర్చంటే ఊళ్ళు తిరగడం కాదు, దర్శనానికి వచ్చే చుట్టాలే. పోయిన మేలో ఒకేసారి పదకొండు మంది దిగారు. మీ అత్త పాలవాడికి రోజుకు నాలుగు లీటర్లు చెప్పింది. వాళ్ళలో ఒకరు, పేరెందుకులే, "మీకేమండీ, తిరుపతిలో ఉంటారు, సెలవులకు ఎక్కడికీ పోనక్కర్లేదు" అన్నారు. మీ అత్త మొహం చూడాల్సింది.

ట్రావెల్స్ అతనికి అడ్వాన్స్ ఇచ్చావా లేదా? ఇవ్వకపోతే ఇప్పుడే వద్దని చెప్పెయ్. ఇచ్చి ఉంటే ఎంత ఇచ్చావో, రసీదు మీద ఏం రాసి ఉందో ఫొటో తీసి పంపు. లాడ్జీకి ఫోన్ చేసే రోజు నన్నూ కాన్ఫరెన్స్‌లో కలుపు, మేనేజరుతో నేనే మాట్లాడతా. ఎక్కడ నిజం చెప్తున్నాడో ఎక్కడ నేను చెప్పినట్టు చెప్తున్నాడో నాకు తెలుస్తుంది.

మీ అత్తకు ఊటీ వర్కీ బిస్కెట్లు ఒక పెట్టె తీసుకురా. ఆ బకెట్టు గొడవలో కొనకుండానే వచ్చేశామని ఇప్పటికీ అంటూ ఉంటుంది.

ఇట్లు,
మీ మామ