ఫ్లెబాటమీ నేర్చుకుంటానన్న మా అమ్ములుకి: ఫీజు కట్టే ముందు ఒక్కసారి చదువు

అమ్ములూ,

ఫ్లెబాటమీ, అంటే టెస్టులకి రక్తం శాంపిల్స్ తీసే పని వైపు వస్తానని నువ్వంతట నువ్వే అనుకున్నందుకు చాలా సంతోషంగా ఉంది, ముందు ఆ మాట చెప్పనీ. మీ అమ్మకి మాత్రం ఇంకా భయం పోలేదు, "పిల్ల సూదులు పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతుందా అక్కా" అంటూ నిన్న ఫోన్లో ఒకటే గొడవ. దానికి నేను నచ్చజెబుతాలే. నీతో మాట్లాడాల్సింది ఆ 45 వేల గురించి.

ఆ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు మూడు నెలల కోర్సు, 45 వేల ఫీజు, నూటికి నూరు శాతం జాబ్ గ్యారంటీ అన్నారన్నావు. వాళ్లని ఒకే ఒక్క మాట అడుగు, "ఈ మూడు నెలల్లో నేను నిజమైన పేషెంట్ల దగ్గర ఎన్ని శాంపిల్స్ తీస్తాను, ఏ హాస్పిటల్లో, పక్కన ఎవరుంటారు?" అని. దానికి సూటిగా జవాబు రాకపోతే ఇక మిగతావేవీ అడగక్కర్లేదు, లేచి వచ్చెయ్. రబ్బరు చెయ్యి మీద గుచ్చడం ఒక వారం పని, దానికి అంత డబ్బెందుకు?

ఇన్నేళ్లు ల్యాబ్‌లో కొత్తవాళ్లకి నేర్పాక నాకు గట్టిగా అనిపించేది ఇది: ఈ పని జీతం తీసుకుంటూ నేర్చుకోవాలి, ఫీజు కట్టి కాదు. డబ్బు ఒక్కటే కారణం కాదు. నీకు నెలనెలా స్టైపెండ్ ఇచ్చే చోట నీ చెయ్యి బాగుపడటం వాళ్లకీ అవసరమే, నువ్వు తీసిన శాంపిల్ రిజెక్ట్ అయితే పేషెంట్‌ని మళ్లీ పిలవాలి, ట్యూబు దండగ, రిపోర్టు ఆలస్యం, చీవాట్లు వాళ్లకే. అందుకని నిన్ను వదిలెయ్యరు, వెనకాలే ఉండి సరిచేస్తారు. ఫీజు తీసుకున్నవాళ్లకి రావాల్సింది మొదటి రోజే వచ్చేసింది. అన్ని ఇన్‌స్టిట్యూట్లూ అంతేనని అనను, ఏదైనా పెద్ద హాస్పిటల్‌కి అనుబంధంగా ఉండి, వార్డుల్లో తిప్పి నేర్పేదైతే ఆలోచించొచ్చు. మిగతావి వద్దు.

మరి స్టైపెండ్ ఇచ్చేదెవరు అంటావు. పెద్ద డయాగ్నొస్టిక్ సంస్థలు, కార్పొరేట్ హాస్పిటళ్లు కొత్తవాళ్లని ట్రెయినీలుగా తీసుకుంటూనే ఉంటాయి. కేంద్రం నడిపే అప్రెంటిస్‌షిప్ పోర్టల్ ఒకటుంది, అందులో నీ పేరు రిజిస్టర్ చేసుకుని హెల్త్‌కేర్ అని వెతుకు. ఆ పద్ధతిలో చేరితే కాంట్రాక్టు ఆన్‌లైన్‌లో నమోదవుతుంది, స్టైపెండ్‌లో 25 శాతం, నెలకి 1,500 రూపాయలు మించకుండా, కేంద్రం భరిస్తుంది. అందుకే అలా చేర్చుకోవడానికి యాజమాన్యాలు కూడా ఇష్టపడతాయి. ఫ్లెబాటమిస్టుకి హెల్త్‌కేర్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్ సర్టిఫికెట్ ఉంది, చేరే చోట అది చేతికొస్తుందో లేదో కూడా అడిగి పెట్టుకో.

ఆన్‌లైన్‌లో అప్లై చేసి కూర్చోకు. గుంటూరులో కొత్తపేట, విజయవాడలో సూర్యారావుపేట, ఈ రెండు చోట్లా రెండు రోజులు కాళ్లరిగేలా తిరిగితే ఉన్న ల్యాబులన్నీ తెలిసిపోతాయి. పొద్దున్నే వెళ్లకు, పరగడుపు శాంపిల్స్‌తో ఊపిరాడని టైమది, ఎవరూ నీ ముఖం కూడా చూడరు. పదకొండు దాటాక వెళ్లు. రెజ్యూమె ఇచ్చేసి వెంటనే వచ్చెయ్యకుండా కలెక్షన్ రూమ్ ఎదురుగా కుర్చీలో ఓ అరగంట కూర్చో. అక్కడ నీకు ఎలా నేర్పుతారో ఆ అరగంటలో తెలుస్తుంది.

ఏం చూడాలో చెబుతాను. పేషెంట్ కూర్చోగానే "లక్ష్మిగారేనా?" అని అడుగుతున్నారా, "మీ పేరు చెప్పండమ్మా" అని అడుగుతున్నారా? మనూళ్లో ఏ ఓపీలో చూసినా లక్ష్మిలు నలుగురుంటారు, పైగా కంగారులో ఉన్నవాళ్లు, చెవులు సరిగ్గా వినపడని ముసలివాళ్లు ఏది అడిగినా ఊ అంటారు. పేరు వాళ్ల నోటితో చెప్పించాలి, వయసో పుట్టిన తేదీయో ఇంకోటి కలిపి సరిచూడాలి. తర్వాత లేబుల్. రక్తం తీశాక, పేషెంట్ ఎదురుగానే, ట్యూబు మీద అతికించాలి. ఖాళీ ట్యూబులకి ముందే లేబుళ్లు వేసి వరసగా పెట్టుకున్నారంటే, లేదా తీసినవన్నీ ట్రేలో పడేసి తర్వాత తీరిగ్గా రాస్తున్నారంటే, ఎవరి రక్తం ఎవరి పేరు మీదకి పోతుందో దేవుడికే తెలియాలి. ఇక వాడిన సూదికి మళ్లీ మూత పెడుతుంటే అది నువ్వు చేరాల్సిన చోటు కాదు. సూదులు గుచ్చుకుపోని తెల్ల డబ్బాలోకి అప్పటికప్పుడే పోవాలి, 2016 బయోమెడికల్ వేస్ట్ రూల్స్ చెప్పేదీ అదే.

చేరే చోటు కుదిరాక కాగితాల సంగతి. టెన్త్, ఇంటర్ ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవ్వరికీ ఇవ్వొద్దు. చూపించు, జిరాక్సులు ఇవ్వు, ఒరిజినల్స్ సంచీలో పెట్టుకుని ఇంటికి తెచ్చుకో. "ఏడాది అయ్యాక ఇస్తాం" అంటే నవ్వుతూనే దండం పెట్టి వచ్చెయ్, రేపు ఇంకో మంచి ఉద్యోగం వచ్చినా, ఇంట్లో పెళ్లి కుదిరినా, చదువుకోవాలనిపించినా ఆ కాగితాల కోసం వాళ్ల చుట్టూ తిరగాలి. బాండ్ ఉందా, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి, స్టైపెండ్ ఎంత, ఏ తారీఖున పడుతుంది, ట్రైనింగ్ అయ్యాక జీతం ఎంత, ఇవన్నీ కాగితం మీదే ఉండాలి. నోటిమాట వద్దు. డిపాజిట్ అని కొంత కట్టమంటే అది స్టైపెండ్ కాదమ్మా, నీ డబ్బే నీకు వాయిదాల్లో ఇవ్వడం.

ఇంకోటి, హోమ్ కలెక్షన్. కొన్నిచోట్ల వారం తిరక్కుండానే బ్యాగ్ చేతికిచ్చి రోజుకి ఇన్ని ఇళ్లు అని టార్గెట్ పెట్టి రోడ్డు మీదకి పంపుతారు. ఒప్పుకోకు. ల్యాబ్‌లో నరం దొరక్కపోతే పక్కన సీనియర్ ఉంటారు, ఎవరింట్లోనో దొరక్కపోతే నీకు దిక్కెవరు? కొన్ని నెలలు కలెక్షన్ రూమ్‌లో చెయ్యి తిరిగాకే బయటికి. అప్పుడు కూడా పెట్రోలు ఎవరిస్తారు, ఆడపిల్లవి కాబట్టి ఏదైనా ఇంట్లో ఇబ్బందిగా అనిపిస్తే గుమ్మం దగ్గర్నుంచే వెనక్కి రావచ్చా, ఈ రెండూ ముందే తేల్చుకో. రావచ్చు అని మీ సూపర్‌వైజర్ నోట వినాలి.

సరే, పని. అందరూ సూది గురించి టెన్షన్ పడతారు గానీ అసలు పనంతా వేలి కొసలో ఉంది. టూర్నికే, అదే చేతికి బిగించే పట్టీ, మోచేతి మడతకి మూడు నాలుగు అంగుళాల పైన కట్టి, చూపుడు వేలితో మెల్లగా నొక్కి వదులు. నరం అయితే నీళ్లున్న రబ్బరు గొట్టంలా వేలి కింద అణిగి మళ్లీ పైకి లేస్తుంది. గట్టిగా ఉండి అణగకపోతే అది స్నాయువు, కండని ఎముకకి పట్టి ఉంచే తాడు లాంటిది. కొట్టుకుంటుంటే ధమని, దాని జోలికి పోకూడదు. కంటికి నీలంగా కనిపించేదాన్ని నమ్మకు, కనిపించేవి చాలాసార్లు సన్నగా ఉండి జారిపోతాయి, వేలికి తగిలేదే మంచిది. మడత మధ్యలో ఉన్నది మొదట చూడు, అది కదలదు. అది కుదరకపోతే బొటనవేలి వైపుది. లోపలి వైపున్నది చివరికి మాత్రమే, దాని పక్కనే ధమనీ నాడీ ఉంటాయి. టూర్నికే నిమిషానికి మించి ఉంచకు, పిడికిలి పదేపదే మూసి తెరవమని చెప్పకు, పొటాషియం లేనిపోనిది పెరుగుతుంది. స్పిరిట్ రాశాక ఆరనివ్వాలి. తడి మీద గుచ్చితే మంట పుడుతుంది, రక్తకణాలు పగిలే అవకాశమూ ఉంది, అలా పగిలిన శాంపిల్‌ని ల్యాబ్ వాళ్లు తిప్పి పంపుతారు.

ట్యూబుల వరస బట్టీ పట్టు. మూత రంగుని బట్టి గుర్తుపెట్టుకో. బ్లడ్ కల్చర్ (రక్తంలో క్రిములున్నాయేమో చూసే టెస్ట్) ఉంటే అది ముందు, తర్వాత నీలం, తర్వాత ఎరుపు లేదా పసుపు, ఆకుపచ్చ, పర్పుల్, చివర బూడిద రంగు. ఎందుకో అర్థమైతే మరిచిపోవు. పర్పుల్ ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా ఉండే ఈడీటీఏ పొటాషియం ఉప్పు, కాల్షియాన్ని పట్టేస్తుంది. సీరం ట్యూబు, అంటే ఆ ఎరుపో పసుపో, సరిగ్గా నిండలేదని పర్పుల్‌లోంచి కొంచెం అందులో ఒంపారనుకో, రిపోర్టులో పొటాషియం ఆకాశాన్నంటుతుంది, కాల్షియం పడిపోతుంది. ఆ కాగితం చూసి డాక్టరు గుండె ఆగిపోతుందేమోనని పేషెంట్‌ని ఐసీయూకి పంపొచ్చు. మనిషికి ఏమీ లేదు, తప్పంతా ట్యూబులో ఉంది. అందుకే ఒక ట్యూబులోంచి ఇంకో ట్యూబులోకి చుక్క కూడా పోయకూడదు. నీలం ట్యూబు గీత దాకా నిండాలి, తొమ్మిది వంతుల రక్తానికి ఒక వంతు సిట్రేట్ (అందులో ముందే ఉండే మందు) అన్న లెక్క తప్పితే రక్తం గడ్డకట్టే టైమ్ తప్పుగా వస్తుంది. పర్పుల్‌ని ఎనిమిది పదిసార్లు మెల్లగా తలకిందులు చెయ్యి, ఊపకూడదు.

మన ఎండల్లో ఇంకో సంగతి నీకు రోజూ ఎదురవుతుంది. పరగడుపున రమ్మంటే చాలామంది పెద్దవాళ్లు మంచినీళ్లు కూడా ముట్టకుండా వస్తారు. మే నెలలో అలా వస్తే నరాలు ఎక్కడున్నాయో వెతుక్కోవాలి. షుగరు, కొలెస్ట్రాల్ లాంటి మామూలు టెస్టులకి ఉత్త మంచినీళ్లు తాగొచ్చు, కాఫీ టీలే వద్దు. ముందురోజే ఫోన్లో ఆ మాట చెప్పేవాళ్లు తక్కువ, నువ్వు చెప్పు. కళ్లు తిరుగుతున్నాయంటే ముందు టూర్నికే విప్పు, సూది తీసెయ్, వెంటనే పడుకోబెట్టు, రిపోర్టు సంగతి తర్వాత. రెండుసార్లు గుచ్చినా రాకపోతే మూడోసారి నువ్వు గుచ్చొద్దు, ఇంకొకర్ని పిలువు. అందులో చిన్నతనం ఏమీ లేదు. సెలైన్ ఎక్కుతున్న చేతికి, డయాలసిస్ కోసం ఆపరేషన్ చేసిన చేతికి, రొమ్ము తీసేసిన వైపు చేతికి ముందే "ఇటు కాదండీ" అనడం అలవాటు చేసుకో.

నీ ఒంటి సంగతి మరిచిపోకు. హెపటైటిస్ బి టీకా మొదటి డోసు ఈ వారమే వేయించుకో, ఉద్యోగం వచ్చాక చూద్దాం అనుకోకు. ఇంకో నెలకి రెండోది, మొదటి డోసు నుంచి ఆరు నెలలకి మూడోది, ఆ తర్వాత ఒకటి రెండు నెలల్లో టీకా పనిచేసిందో లేదో చూసే యాంటీబాడీ టెస్ట్. పనిలో ఎప్పుడైనా సూది గుచ్చుకుంటే నోట్లో పెట్టుకోవడం, పిండటం చేయకు, సబ్బు నీళ్లతో కడిగి వెంటనే పైవాళ్లకి చెప్పు. హెచ్‌ఐవీ మందు అవసరమైతే గంటల్లోనే మొదలుపెట్టాలి, 72 గంటలు దాటితే లాభం లేదు. తిడతారని దాచిపెట్టే పిల్లలున్నారు, నువ్వు అలా చేయకు తల్లీ.

ఇక ముందు సంగతి. ఫ్లెబాటమిస్టుగా చెయ్యి ఎంత బాగున్నా, ఆ ఒక్క సర్టిఫికెట్‌తో కొన్నేళ్లకి ఒక దగ్గర ఆగిపోతావు. గవర్నమెంట్ ల్యాబ్ టెక్నీషియన్ నోటిఫికేషన్ పడితే డీఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నాలజీ డిప్లొమా) గానీ బీఎస్సీ ఎంఎల్‌టీ (అందులోనే డిగ్రీ) గానీ అడుగుతారు, పారామెడికల్ బోర్డు రిజిస్ట్రేషన్ అడుగుతారు. నీది బైపీసీ కాబట్టి దారి ఉంది. ఒక ఏడాది సంపాదించి, ఆ 45 వేలు ఖర్చుపెట్టకుండా అలాగే ఉంచి, డీఎంఎల్‌టీలో చేరు. చేరేముందు ఆ కాలేజీకి బోర్డు గుర్తింపు ఉందో లేదో బోర్డులోనే కనుక్కో, కాలేజీ వాళ్ల మాట మీద కాదు.

ఆదివారం పొద్దున ఇంటికి రా, మీ నాన్నని కూడా తీసుకురా. టూర్నికేలు రెండు తెచ్చి పెడతాను. సూది లేకుండా నా చెయ్యి, మీ నాన్న చెయ్యి, మీ తాతయ్య చెయ్యి వరసగా తడిమి, కళ్లు మూసుకుని నరం ఎక్కడుందో పెన్నుతో చుక్క పెట్టు. మీ నాన్న చేతికి కొవ్వెక్కువ, కష్టమవుతుంది, మొదట తనతోనే మొదలుపెడదాం.

నీ పెద్దమ్మ